ఉమ్మడి సర్వర్‌పై సాఫ్ట్‌వేర్: లైసెన్సులు, ప్రవేశ నియంత్రణ (రాయ్‌పూర్ నేపథ్యంలో)

దూరాన ఉన్న ఒకే సర్వర్‌లోకి అనేకమంది లాగిన్ అయి, అందులో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఎవరి పనికి వారు వాడుకునే ఏర్పాటును ఉమ్మడి సర్వర్ వ్యవస్థ అంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు, ఎందరు, ఎక్కడి నుంచి, ఏ పనికి వాడవచ్చో చెప్పే, తయారీదారుతో కుదిరిన ఒప్పందం లైసెన్సు. ఆ ఒప్పందాన్నీ సంస్థ సొంత నిబంధనలనూ యంత్రంలో అమలు చేసే ఏర్పాటు ప్రవేశ నియంత్రణ. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఈ విషయం ముఖ్యంగా మూడు రంగాలకు సంబంధించింది: ఇంజనీరింగ్ విద్య, ప్రభుత్వ రేషన్ పంపిణీ, వ్యాపారుల లెక్కలు. మూడింటికీ వర్తించే సూత్రం ఒక్కటే. ఖరీదైన సాధనాన్ని పదిమంది పంచుకోవాలంటే ఎవరి హద్దు ఎక్కడిదాకానో ముందే తేలాలి. హద్దులు తేలని చోట చట్టం తప్పడమో, డబ్బు పెట్టి కొన్నది మూలన పడి ఉండడమో జరుగుతుంది.

లైసెన్సు, ప్రవేశ అనుమతి: తేడా

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణంగా కనిపించే పొరపాటు. లైసెన్సు సాఫ్ట్‌వేర్ హక్కుదారుకూ కొన్న సంస్థకూ మధ్య ఉంటుంది. ప్రవేశ అనుమతి సంస్థకూ దాని వాడుకరులకూ మధ్య ఉంటుంది. ఒక కళాశాల 25 మంది ఒకేసారి వాడగల లైసెన్సు కొన్నదనుకుందాం. సర్వర్‌లో ఖాతా ఉన్న 600 మందిలో ఆ 25 స్థానాలు ఎవరికి, ఏ వేళల్లో, ఏ క్రమంలో దక్కాలన్నది లైసెన్సు పత్రంలో ఉండదు. దాన్ని కళాశాలే నిర్ణయించుకోవాలి. మరోవైపు సర్వర్ నిర్వాహకుడు అందరికీ అనుమతి ఇచ్చినంత మాత్రాన అందరికీ హక్కు వచ్చినట్టు కాదు. తెరపై ప్రోగ్రాం తెరుచుకోవడం వేరు, దాన్ని వాడే హక్కు ఉండడం వేరు.

అందువల్ల ఉమ్మడి సర్వర్‌లో ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ రెండు జాబితాలు అవసరం. ఒప్పందం ప్రకారం అర్హులు ఎవరన్నది మొదటిది. యంత్రం నిజంగా లోపలికి రానిస్తున్నది ఎవరినన్నది రెండోది. రెండో జాబితా మొదటిదాన్ని మించితే ఉల్లంఘన. మరీ చిన్నదైతే వృథా. విద్యార్థులు చదువు ముగించి వెళ్లినప్పుడు, ఉద్యోగులు బదిలీ అయినప్పుడు, ఒప్పందం గడువు మారినప్పుడు ఈ జాబితాలు వేరుపడుతుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు సరిచూడడమే నిర్వాహకుడి అసలు పని.

చరిత్ర

ఒకే కంప్యూటర్‌ను అనేకమంది ఒకేసారి వాడే పద్ధతిని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ప్రదర్శించింది. ఆ సీటీఎస్ఎస్ వ్యవస్థలో ఒకరి ఫైళ్లు మరొకరి కంట పడకుండా పాస్‌వర్డులు పెట్టారు, ఒక్కొక్కరికి వారానికి ఇన్ని గంటలని సమయం కేటాయించారు. తనకిచ్చిన సమయం చాలక అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి 1962లో పాస్‌వర్డుల ఫైలును ముద్రణకు పంపించి, ఇతరుల ఖాతాల్లోంచి పని సాగించుకున్నాడు. ఉమ్మడి యంత్రంపై పెట్టిన హద్దును దాటిన తొలి ఘటనల్లో దీన్ని చెబుతారు. కేటాయింపు అవసరానికి సరిపోనప్పుడు వాడుకరి పక్కదారి వెతుకుతాడన్న పాఠం అప్పుడే వచ్చింది.

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్‌కు వేరే ధర ఉండేది కాదు. యంత్రంతో కలిపి ఇచ్చేవారు. 1969 జూన్ 23న ఐబీఎం సంస్థ సాఫ్ట్‌వేర్‌కూ సేవలకూ విడిగా ధర కడతామని ప్రకటించడంతో లైసెన్సు వ్యాపారానికి దారి తెరుచుకుంది. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టింది. ప్రతి ఫైలుకూ యజమాని, బృందం, ఇతరులు అనే మూడు వర్గాలు, ఒక్కో వర్గానికి చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులు పెట్టిన యూనిక్స్ పద్ధతి నేటి లైనక్స్ సర్వర్లలోనూ కొనసాగుతోంది.

1980ల్లో ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వర్క్‌స్టేషన్లకు చేరింది. ప్రతి యంత్రానికీ ఒక ప్రతి కొనడం కంపెనీలకు భారమైంది. 1988లో వచ్చిన ఫ్లెక్స్‌ఎల్ఎం అనే లైసెన్సు నిర్వహణ సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్‌లో ఎక్కడి నుంచైనా నిర్ణీత సంఖ్యలో వాడుకునే పద్ధతిని స్థిరపరిచింది. తర్వాత ఫ్లెక్స్‌నెట్ అనే పేరుతో అది ఈ రంగంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. విండోస్ వైపు 1989లో మొదలైన సిట్రిక్స్ కంపెనీ, 1998లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన టెర్మినల్ సర్వర్ ఎడిషన్, దూరపు సర్వర్‌లోని డెస్క్‌టాప్‌ను తమ తెరపై చూసుకునే వీలును సామాన్య కార్యాలయాలకు తెచ్చాయి.

లైసెన్సుల్లో రకాలు

యంత్రానికి కట్టిన లైసెన్సు. సాఫ్ట్‌వేర్ ఒకే కంప్యూటర్‌లో నడుస్తుంది. ఆ యంత్రపు నెట్‌వర్క్ కార్డు సంఖ్యనో, దానికి తగిలించిన డాంగిల్‌నో గుర్తుగా తీసుకుంటుంది. సర్వర్‌లో ఇలాంటి ప్రతిని పెట్టి పదిమందికి దూరం నుంచి తెరిచి పెట్టడాన్ని చాలా ఒప్పందాలు స్పష్టంగా నిషేధిస్తాయి.

పేరు మీది లైసెన్సు. ఫలానా వ్యక్తికే చెందుతుంది. అతను ఏ యంత్రం నుంచి వాడినా ఫర్వాలేదు, మరొకరు మాత్రం వాడకూడదు. ఒకే లాగిన్‌ను నలుగురు పంచుకుంటే ఇక్కడ ఉల్లంఘన జరిగినట్టే.

ఫ్లోటింగ్ లైసెన్సు. ఎందరికి అనుమతి ఉన్నా, ఒకేసారి వాడేవారి సంఖ్యకు పరిమితి ఉంటుంది. గ్రంథాలయంలో ఒక పుస్తకానికి ఐదు ప్రతులుంటే ఆరో పాఠకుడు ఎవరైనా తిరిగి ఇచ్చేదాకా ఆగినట్టే ఇక్కడా ఆగాలి. ఉమ్మడి సర్వర్‌కు చక్కగా ఒదిగే రకం ఇదే. అయితే కొన్ని కంపెనీలు దీన్ని ఒక ప్రాంగణానికో, నగరానికో, దేశానికో పరిమితం చేస్తాయి. ఇంటి నుంచి వీపీఎన్ ద్వారా లాగిన్ అయ్యే విద్యార్థి ఆ పరిధిలోకి వస్తాడో రాడో ఒప్పందం చదివితేనే తెలుస్తుంది.

ప్రాంగణ లైసెన్సు. సంస్థలోని వారందరూ వాడుకోవచ్చు. లెక్క సులువు, ధర ఎక్కువ. సంస్థకు అనుబంధంగా ఉన్న కళాశాలలు, పూర్వ విద్యార్థులు, సందర్శక పరిశోధకులు ఇందులోకి వస్తారా అన్నది తేల్చుకోవాలి.

ప్రాసెసర్ లేదా కోర్ లెక్కన లైసెన్సు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలు. వాడేవారి సంఖ్యతో పని లేదు. యంత్రపు శక్తిని బట్టి ధర. ఒక పెద్ద సర్వర్‌ను వర్చువల్ యంత్రాలుగా విడగొట్టినప్పుడు, డేటాబేస్ నడిచే భాగానికే లెక్క కడతారా, మొత్తం సర్వర్‌కు కడతారా అన్నదానిపై వివాదాలు తరచుగా వస్తాయి.

విద్యా లైసెన్సు. ధరలో భారీ రాయితీ ఇస్తూ, బోధనకూ లాభాపేక్ష లేని పరిశోధనకూ మాత్రమే వాడాలని షరతు పెడతారు. అదే విభాగం ఒక కర్మాగారానికి కన్సల్టెన్సీ పని చేసి రుసుము తీసుకుంటే, ఆ పనికి ఈ లైసెన్సు వర్తించదు. సర్వర్ అదే, ప్రోగ్రాం అదే, వాడే మనిషీ అతనే కావచ్చు. పని మారితే హక్కు మారుతుంది. ఈ తేడాను యంత్రం తనంతట తాను కనిపెట్టలేదు కాబట్టి కన్సల్టెన్సీ పనికి వేరే ఖాతా, వేరే లైసెన్సు పెట్టుకోవడం మేలు.

లైసెన్సు సర్వర్ పనిచేసే తీరు

ఫ్లోటింగ్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్‌తో పాటు లైసెన్సులను లెక్కపెట్టే మరో చిన్న సర్వర్ ఉంటుంది. తయారీదారు పంపే లైసెన్సు ఫైలులో ఉత్పత్తి పేరు, వెర్షన్, గడువు తేదీ, అనుమతించిన సంఖ్య, లైసెన్సు సర్వర్ గుర్తింపు సంఖ్య ఉంటాయి. వాటి కింద డిజిటల్ సంతకం ఉంటుంది. ఫైలులో ఒక్క అంకె మార్చినా సంతకం సరిపోలదు, లైసెన్సు చెల్లదు.

వాడుకరి ప్రోగ్రాంను తెరవగానే అది లైసెన్సు సర్వర్‌ను అడుగుతుంది. ఫ్లెక్స్‌నెట్‌లో ఈ అడగడం సాధారణంగా 27000 నుంచి 27009 వరకు ఉన్న పోర్టుల్లో ఒకదాని ద్వారా జరుగుతుంది. మొదట ప్రధాన ప్రోగ్రాం ఆ అభ్యర్థనను అందుకుని, సంబంధిత తయారీదారు ప్రోగ్రాంకు అప్పగిస్తుంది. స్థానం ఖాళీగా ఉంటే ఒకటి కేటాయిస్తుంది. వాడుకరి మూసేయగానే అది తిరిగి జమ అవుతుంది. పని మధ్యలో నెట్‌వర్క్ తెగినా, ఎవరైనా తెరిచిపెట్టి ఇంటికి వెళ్లినా ఆ స్థానం ఇరుక్కుపోతుంది. అందుకే ఇంత సేపు కదలిక లేకపోతే వెనక్కి తీసుకోవాలనే గడువును నిర్వాహకులు పెడతారు.

ఇక్కడ సంస్థ సొంత నిర్ణయాలకు ఆప్షన్స్ ఫైలు ఉపయోగపడుతుంది. కొన్ని స్థానాలను ఒక ప్రయోగశాలకు రిజర్వు చేయవచ్చు. ఒక బృందానికి గరిష్ఠ సంఖ్య పెట్టవచ్చు. కొందరిని పూర్తిగా పక్కన పెట్టవచ్చు. రిజర్వు చేసిన స్థానం ఖాళీగా ఉన్నా ఇతరులకు దక్కదు కాబట్టి దీన్ని పొదుపుగా వాడాలి. లైసెన్సు సర్వర్ ఒక్కటే ఉంటే అది ఆగిన రోజున అందరి పనీ ఆగుతుంది. అందుకే పెద్ద సంస్థలు మూడు సర్వర్ల ఏర్పాటు చేసుకుంటాయి. వాటిలో కనీసం రెండు నడుస్తుంటే సేవ కొనసాగుతుంది.

ప్రవేశ నియంత్రణ పద్ధతులు

లైనక్స్ సర్వర్‌లో అందరికీ అలవాటైన మార్గం బృందాలు. ఒక సాఫ్ట్‌వేర్‌కు ఒక బృందాన్ని సృష్టించి, ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌ను ఆ బృందానికి అప్పగించి, ఇతరులకు అనుమతి తీసేస్తారు. అర్హులను బృందంలో చేర్చడం, తొలగించడంతో పని అయిపోతుంది. పదార్థ విజ్ఞానంలో విరివిగా వాడే వాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ ఇందుకు ప్రపంచమంతటా కనిపించే ఉదాహరణ. వియన్నా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పరిశోధన బృందాల వారీగా ఉంటుంది. సూపర్‌కంప్యూటర్ కేంద్రంలో అది ఇన్‌స్టాల్ అయి ఉన్నా అందరూ వాడలేరు. తమ పేరు లైసెన్సు జాబితాలో ఉందని నిర్ధారణ అయిన వాడుకరినే కేంద్రం ఆ బృందంలో చేరుస్తుంది.

ప్రోగ్రాంను నడిపే అనుమతి ఇచ్చి చదివే అనుమతి తీసేస్తే దాన్ని తమ యంత్రానికి నకలు చేసుకోవడం కష్టమవుతుంది. కంపైల్ చేసిన ప్రోగ్రాములకు ఇది పనికొస్తుంది. చదవకుండా నడపలేని స్క్రిప్టులకు పనికిరాదు.

మాడ్యూల్ వ్యవస్థలో వాడుకరి తనకు కావలసిన సాఫ్ట్‌వేర్‌నూ వెర్షన్‌నూ కోరి తెచ్చుకుంటాడు. చాలామంది దీన్నే నియంత్రణ అనుకుంటారు. మాడ్యూల్ కనబడకుండా దాచినంత మాత్రాన ఫోల్డర్ మూతపడదు. చిరునామా తెలిసినవాడు నేరుగా వెళ్లగలడు. అసలు తాళం ఫైలు అనుమతుల్లోనే ఉంటుంది.

భారీ గణనల సర్వర్లలో పనులను వరుసలో పెట్టే స్లర్మ్ వంటి షెడ్యూలర్‌కు లైసెన్సుల సంఖ్యను కూడా ఒక వనరుగా చెప్పవచ్చు. అప్పుడు లైసెన్సు ఖాళీ అయ్యేదాకా ఆ పని మొదలవదు. రాత్రంతా వరుసలో వేచి, తీరా ప్రారంభమయ్యాక లైసెన్సు లేదని పని కుప్పకూలే బాధ తప్పుతుంది.

విండోస్ సర్వర్‌లో వాడుకరికి మొత్తం డెస్క్‌టాప్ ఇవ్వకుండా ఒక్క ప్రోగ్రాం కిటికీనే చూపే రిమోట్‌యాప్ పద్ధతి ఉంది. ఏ బృందం ఏ ప్రోగ్రాం నడపవచ్చో యాప్‌లాకర్ నిబంధనల ద్వారా నిర్ణయించవచ్చు. విండోస్ సర్వర్‌లోకి నిర్వహణ పనుల కోసం ఇద్దరు ఒకేసారి లాగిన్ కావచ్చు. అంతకు మించి, మామూలు పనికి దూరం నుంచి వచ్చే ప్రతి వాడుకరికీ లేదా పరికరానికీ రిమోట్ డెస్క్‌టాప్ సేవల లైసెన్సు విడిగా కొనాలి. ఏర్పాటు చేసిన తొలి 120 రోజులు మినహాయింపు వ్యవధి. అది ముగిశాక లాగిన్లు ఆగిపోయినప్పుడే చాలామందికి ఈ షరతు సంగతి తెలుస్తుంది.

రాయ్‌పూర్: విద్యాసంస్థలు

రాయ్‌పూర్ 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడడంతో రాజధాని అయింది. ఇక్కడి సాంకేతిక విద్య అంతకన్నా పాతది. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డుపై ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1956లో గనులు, లోహశాస్త్ర కళాశాలగా మొదలై, 2005 డిసెంబరులో ఎన్ఐటీ హోదా పొందింది. ఐఐటీ భిలాయ్ 2016లో రాయ్‌పూర్ శివారు సేజ్‌బహార్‌లోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ప్రాంగణంలో తరగతులు మొదలుపెట్టి, ఆ తర్వాత దుర్గ్ జిల్లాలోని సొంత ప్రాంగణానికి తరలింది. నవా రాయ్‌పూర్‌లోని ట్రిపుల్ ఐటీని రాష్ట్ర ప్రభుత్వం, ఎన్టీపీసీ కలిసి 2015లో నెలకొల్పాయి.

గనులు, ఉక్కు, విద్యుత్తు చుట్టూ అల్లుకున్న ఈ ప్రాంతంలో లోహాల ప్రవర్తన, ఉష్ణ ప్రవాహం, నిర్మాణాల బలం లెక్కించే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ విద్యార్థికి పుస్తకంతో సమానమైన అవసరం. దాని వాణిజ్య లైసెన్సు ఏ ఒక్క విద్యార్థీ సొంతంగా భరించగలిగింది కాదు. కాబట్టి ఉమ్మడి సర్వర్, ఫ్లోటింగ్ లైసెన్సు ఇక్కడి విద్యకు అవసరమైన ఏర్పాట్లు. ప్రాంగణాలు మారుతూ పెరిగే సంస్థలకు మరో జాగ్రత్త కూడా అవసరం: స్థలానికి కట్టిన లైసెన్సు కొత్త చిరునామాకు తనంతట తాను రాదు. సర్వర్ తరలింపుకు ముందే తయారీదారు నుంచి లిఖితపూర్వక అనుమతి, కొత్త గుర్తింపు సంఖ్యతో లైసెన్సు ఫైలు తీసుకోవాలి.

సంస్థ గోడలు దాటి పంచుకునే దారీ ఏర్పడింది. 2010 మార్చిలో కేంద్రం రూ. 5,990 కోట్లతో ఆమోదించిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ దేశంలోని విద్యా, పరిశోధన సంస్థలను వేగవంతమైన తీగలతో కలిపింది. 2015లో రూ. 4,500 కోట్లతో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ బీహెచ్‌యూలో పరమ్ శివాయ్, ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ వంటి యంత్రాలు వెలిశాయి. ఇలాంటి యంత్రంలో మరో సంస్థ పరిశోధకుడికి ఖాతా దొరకవచ్చు. కానీ అక్కడి వాణిజ్య సాఫ్ట్‌వేర్ ఆతిథ్య సంస్థ పేరున ఉంటే బయటివాడికి వర్తించకపోవచ్చు. తన సంస్థ లైసెన్సు సర్వర్‌ను అక్కడి నుంచి సంప్రదించే ఏర్పాటో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరో చూసుకోవాలి.

రాయ్‌పూర్: రేషన్ వ్యవస్థ

ఉమ్మడి సర్వర్ అంటే కేవలం పరిశోధకుల సాధనం కాదని రాయ్‌పూర్ నగరమే చూపింది. ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం సేకరణ, ప్రజా పంపిణీ కంప్యూటరీకరణను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రాష్ట్ర విభాగం చేపట్టింది. 2012లో రాయ్‌పూర్‌లో కోర్ పీడీఎస్ అనే కేంద్రీకృత పద్ధతి మొదలైంది. కార్డుల వివరాలు, ప్రతి కుటుంబానికి రావలసిన కోటా కేంద్ర సర్వర్‌లో ఉండేవి. దుకాణంలోని చిన్న యంత్రం స్మార్ట్‌కార్డును చదివి సర్వర్‌ను అడిగేది. దాంతో కార్డుదారు తనకు నచ్చిన చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకునే వీలు కలిగింది. ఇలా దుకాణం మార్చుకునే స్వేచ్ఛ, 2019 నుంచి దేశమంతటా విస్తరించిన ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకానికన్నా ముందే ఇక్కడ అమల్లోకి వచ్చింది.

ఇక్కడి సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ సంస్థే రాసింది. ఒక్కో దుకాణానికి ప్రతి లెక్కన రుసుము కట్టాల్సిన అవసరం లేదు. అందువల్ల ప్రశ్న పూర్తిగా ప్రవేశ నియంత్రణ వైపు తిరిగింది. అమ్మకం నమోదు చేయడం దుకాణదారు పని. కుటుంబ సభ్యుల సంఖ్యను మార్చే అధికారం అతనికి ఉండకూడదు. సరుకు పంపిన లెక్క రాయడం గోదాము వంతు. దాన్ని తనిఖీ చేయడం అధికారి వంతు. ఎవరి పాత్రకు తగినంత అనుమతే వారికి ఇవ్వాలన్న సూత్రం ఇక్కడ నేరుగా పేదవాడి గింజలతో ముడిపడింది.

రాయ్‌పూర్ పద్ధతిలో మరో గొప్ప సంగతి ఉంది. రాసే అనుమతిని కుదించినవారే చూసే అనుమతిని విస్తరించారు. కేటాయింపుల నివేదికలను ఆహార శాఖ వెబ్‌సైటులో ప్రజలందరికీ తెరిచి ఉంచారు. నమోదు చేసుకున్న పౌరులకు, గోదాము నుంచి దుకాణానికి సరుకు బయలుదేరగానే ఫోనుకు సందేశం వెళ్లే ఏర్పాటు చేశారు. మార్చడం కొందరికే, చూడడం అందరికీ అన్న ఈ విభజన ప్రవేశ నియంత్రణ చేయగల మేలుకు చక్కని ఉదాహరణ.

రాయ్‌పూర్: వ్యాపారుల లెక్కలు

ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లోని స్పాంజ్ ఐరన్, రోలింగ్ మిల్లులు, గుఢియారీ టోకు బజారు, పండరీ బట్టల మార్కెట్ రాయ్‌పూర్ వ్యాపారానికి పట్టుకొమ్మలు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక లెక్కలు కంప్యూటర్‌లో ఉండడం చిన్న వర్తకుడికి కూడా దాదాపు తప్పనిసరైంది. దుకాణం ఒకచోట, గోదాము మరోచోట, లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్ ఇంకోచోట ఉండడంతో, దేశమంతటా వ్యాపారులు ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్‌ను అద్దె సర్వర్‌లో పెట్టుకుని దూరం నుంచి వాడడం పెరిగింది.

ఈ ఏర్పాటులో లైసెన్సులు మూడు అంతస్తుల్లో ఉంటాయి. అడుగున విండోస్ సర్వర్, దానిపై ప్రతి వాడుకరికీ రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు, ఆపైన లెక్కల సాఫ్ట్‌వేర్. ట్యాలీలో సిల్వర్ రకం ఒక్కరి వాడకానికి, గోల్డ్ రకం అనేకమంది వాడకానికి. సర్వర్‌లో సిల్వర్ పెట్టి నలుగురు గుమాస్తాల చేత నడిపించడం లైసెన్సుకు విరుద్ధం. అనుమతించిన సంఖ్యను దాటించేందుకు విండోస్ ఫైళ్లను మార్చే పనిముట్లూ అంతే. అద్దె మరీ చౌకగా కనిపించినప్పుడు ఈ మూడింటిలో ఏది కొనలేదో వర్తకుడు అడిగి తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఎవరి పేరున ఉందో బిల్లులో చూసుకోవాలి.

ఒకే సర్వర్‌లో అనేక దుకాణాల లెక్కలు ఉన్నప్పుడు ఒకరి ఫోల్డర్ మరొకరికి తెరుచుకోకుండా అనుమతులు పెట్టాలి. పోటీలో ఉన్న ఇద్దరు వర్తకుల కొనుగోలు ధరలు ఒకే డిస్కుపై ఉండవచ్చు. ట్యాలీవాల్ట్ వంటి సదుపాయంతో డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఫోల్డర్ తెరిచినా చదవలేరు. అయితే ఆ పాస్‌వర్డు పోతే యజమానికీ లెక్కలు దక్కవు.

కంపెనీలకు అదనపు బాధ్యతలున్నాయి. 2022 ఆగస్టులో సవరించిన కంపెనీల ఖాతాల నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్‌ను భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ప్రతిరోజూ ఉంచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే, ఆ నమోదును ఆపివేయడానికి వీలులేని సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. గుమాస్తాలందరూ ఒకే లాగిన్‌తో పనిచేస్తే ఆ నమోదులో ఒకే పేరు కనిపిస్తుంది. తప్పు ఎవరిదో తేలదు. మనిషికొక ఖాతా అన్న నియమం లైసెన్సు కోసమే కాదు, నిర్దోషి గుమాస్తా రక్షణ కోసం కూడా.

భారతీయ చట్టం, తెలుగు నేల నుంచి వచ్చిన రెండు తీర్పులు

1957 నాటి కాపీరైట్ చట్టం పరిధిలోకి 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. సెక్షన్ 52 ప్రకారం చట్టబద్ధంగా పొందిన వ్యక్తి, ఏ పనికి సరఫరా అయిందో ఆ పనికి వాడుకునేందుకు, నష్టం నుంచి తాత్కాలిక రక్షణగా బ్యాకప్ కోసం నకలు తీసుకోవచ్చు. దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం కాదని తేలితే జైలు లేకుండా రూ. 50 వేల వరకు జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకు ఉంది. హక్కుల ఉల్లంఘన కోసం సాంకేతిక రక్షణలను ఛేదించడాన్ని 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ నేరంగా చేసింది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి ఐటీ చట్టం, 2000లోని సెక్షన్లు 43, 66 వర్తిస్తాయి.

సాఫ్ట్‌వేర్ స్వభావంపై పునాది తీర్పుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య అమ్మకపు పన్ను వివాదంలో, డిస్కుపై అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004 నవంబరు 5న తేల్చింది. సర్వర్‌లో ఉండిపోయే సాఫ్ట్‌వేర్ విషయంలో చేతికి డిస్కు రాదు. అక్కడ కొనేది వాడుకునే హక్కు మాత్రమే. 2021 మార్చి 2న ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను మరింత స్పష్టం చేసింది. వాడకానికి ఇచ్చే పరిమిత లైసెన్సుతో కాపీరైట్ బదిలీ కాదని చెప్పింది.

తెలుగు నేల నుంచి వచ్చిన రెండో తీర్పు హైదరాబాద్‌ది. ఒక ఫోన్ కంపెనీ తన పథకం కింద ఇచ్చిన హ్యాండ్‌సెట్లను తన నెట్‌వర్క్‌కే పనిచేసేలా బిగించింది. పోటీ కంపెనీ సిబ్బంది వాటి లోపలి సంఖ్యను మార్చారన్న ఆరోపణపై కేసు నమోదైంది. సయ్యద్ అసిఫుద్దీన్ కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సెల్‌ఫోన్ కూడా ఐటీ చట్టం ప్రకారం కంప్యూటరేనని, లోపలి ప్రోగ్రాంను మార్చడం సెక్షన్ 65 కింద విచారణకు తగిన ఆరోపణేనని చెప్పింది. సాఫ్ట్‌వేర్ ద్వారా పెట్టిన హద్దును దాటడం నేర విచారణ దాకా వెళ్లవచ్చని చూపిన తొలి తీర్పుల్లో ఇది ఒకటి.

సర్వర్ నడిపేవారిపై మరో బాధ్యతను కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు మోపాయి. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లోగా నివేదించాలి. లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్న నమోదు లైసెన్సు లెక్కకు కూడా అక్కరకు వస్తుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

ఉచితంగా పంచుకోగల సాఫ్ట్‌వేర్‌కు కూడా లైసెన్సు ఉంటుంది. దాని షరతులు వేరు. జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రాంను సర్వర్‌లో ఎందరు వాడినా లెక్క కట్టనక్కర్లేదు. ప్రతిని ఇతరులకు ఇచ్చినప్పుడే సోర్స్‌కోడ్ ఇవ్వాలన్న షరతు వర్తిస్తుంది. సర్వర్‌లో నడుపుతూ ప్రతి ఇవ్వకుండా ఉంటే ఆ షరతు తప్పిపోతుందన్న లోటును పూడ్చేందుకు 2007లో ఏజీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది. మార్పులు చేసిన ప్రోగ్రాంను నెట్‌వర్క్ ద్వారా వాడేవారికి కూడా సోర్స్‌కోడ్ అందించాలని అది కోరుతుంది. తమ సాఫ్ట్‌వేర్‌ను పెద్ద క్లౌడ్ కంపెనీలు సేవగా అమ్ముకోవడాన్ని అడ్డుకునేందుకు మాంగోడీబీ 2018లో, ఎలాస్టిక్ 2021లో, రెడిస్ 2024లో లైసెన్సులు మార్చుకున్నాయి. కాబట్టి సర్వర్‌లో ఉన్న వెర్షన్ ఏ లైసెన్సు కిందిదో రాసి పెట్టుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానాన్ని ప్రకటించింది. ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు సైలాబ్, ఓపెన్‌ఫోమ్ వంటివాటిని కళాశాలలకు పరిచయం చేస్తోంది. అక్కడి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ దొరుకుతాయి. తొలి అభ్యాసమంతా వీటిపై జరిగి, నిజంగా అవసరమైన దశలోనే వాణిజ్య లైసెన్సు వాడితే ఉన్న కొద్ది స్థానాలూ ఎక్కువ మందికి సరిపోతాయి.

రాబోయే మార్పులు

2025 మే నెలలో నవా రాయ్‌పూర్‌లో ర్యాక్‌బ్యాంక్ సంస్థ కృత్రిమ మేధ డేటా సెంటర్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఇలాంటి కేంద్రాల్లో పంచుకునే వస్తువు గ్రాఫిక్స్ ప్రాసెసర్. ఎన్విడియా ఏ100 వంటి ఒక్క ప్రాసెసర్‌ను ఏడు వేర్వేరు భాగాలుగా విడదీసి ఏడుగురికి ఇవ్వవచ్చు. దానిపై నడిచే కొన్ని సాఫ్ట్‌వేర్‌లకు ప్రాసెసర్ లెక్కన లైసెన్సు కట్టాలి. యంత్రం కొత్తదైనా ప్రశ్నలు పాతవే: ఎందరు, ఎవరు, ఏ పనికి.

మేలైన నిర్వహణకు కావలసినవి

మొదట ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒక పుట ఉండాలి: ఎవరి పేరున లైసెన్సు, ఏ రకం, ఎన్ని స్థానాలు, గడువు ఎప్పుడు, దూరం నుంచి వాడవచ్చా, కన్సల్టెన్సీకి వర్తిస్తుందా. రెండోది, చేరిక నాడే తొలగింపు తేదీ రాసిన ఖాతాలు. మూడోది, మనిషికొక లాగిన్, దానికి రెండంచెల ధ్రువీకరణ. నాలుగోది, నెలకోసారి వాడకపు లెక్క: ఎన్నిసార్లు స్థానాలు నిండాయి, ఎందరు వెనుదిరిగారు, ఏ స్థానాలు ఎప్పుడూ ఖాళీగానే ఉన్నాయి. కొత్తగా కొనాలా, ఉన్నవాటిని సర్దాలా అన్నది ఈ లెక్క చూసే చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ నిబంధనలు వాడుకరులకు వారి భాషలో తెలియడం. తిరస్కరణ సందేశంలో ఒక అంకెల సంకేతం చూపి ఊరుకుంటే విద్యార్థి దొంగ ప్రతి వైపు చూస్తాడు, గుమాస్తా పక్కవాడి పాస్‌వర్డు అడుగుతాడు. స్థానాలు ఎన్ని ఉన్నాయో, తన వంతు ఎప్పుడో, ఎవరిని అడగాలో, ప్రత్యామ్నాయంగా ఏది వాడవచ్చో అదే సందేశంలో చెప్పిన సంస్థలో ఆగమన్న మాటకు విలువ ఉంటుంది. అలాంటి చోట నిర్వాహకుడి పని కాపలాతో ఆగదు. కొద్దిగా ఉన్నదాన్ని న్యాయంగా పంచడం కూడా అతని బాధ్యతే అవుతుంది. ఉమ్మడి సర్వర్‌పై పెట్టే ప్రతి ఆంక్షనూ ఈ ఒక్క కొలతతోనే చూడాలి: దాని వల్ల అర్హుడికి దారి సులువైందా, లేదా.